చెడిపోయిన కంప్యూటర్లే కావాలని తిరిగాం: నా అనుభవం

మాకు పనిచేసే కంప్యూటరు అక్కర్లేదు, చెడిపోయిందే కావాలి అని అడిగితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో దాదాపు ప్రతి షాపులోనూ ఒకటే ప్రశ్న ఎదురైంది. "దాంతో ఏం చేస్తారు మేడమ్?" విప్పి చూసి నేర్చుకుంటాం అని చెప్పేదాన్ని. కొందరు తల ఊపి పక్క షాపు చూపించారు. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అంటారు, రెండో అంతస్తులో ఒక మెకానిక్ అన్న మాత్రం చేతిలో పని ఆపి మరీ జవాబిచ్చాడు. "చెడిపోయినవి మేం అమ్మం అమ్మా. అవి మాకే కావాలి. ఒకదాంట్లోంచి పార్టు తీసి ఇంకోదానికి వేసి చూస్తేనే కదా రోగం ఎక్కడుందో తెలిసేది!"

ఉత్త చేతులతో ఇంటికొచ్చాం గానీ ఆ మాట నాలో ఉండిపోయింది. తర్వాత మేం కొన్నదీ నేర్చుకున్నదీ అంతా దాని మీదే నడిచింది.

మాది నల్గొండ. డిగ్రీలో ఎంపీసీఎస్ చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. తమ్ముడు పాలిటెక్నిక్‌లో ఈసీఈ పూర్తిచేశాడు. మూసాపేటలో ఒకే గదిలో ఉంటాం. కాలేజీ ల్యాబ్‌లో సిస్టమ్‌కి ఉన్న స్క్రూ కూడా ఎవరూ ముట్టుకోనివ్వరు, అది అందరికీ తెలిసిందే. మదర్‌బోర్డు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం ఇద్దరం. ఒక రాత్రి వాడు అడిగాడు, "పవర్ బటన్ నొక్కినాక ఫస్ట్ కరెంటు ఎక్కడికి పోతది అక్కా?" పుస్తకంలో ఉన్న జవాబు చెప్పాను. "అది నాకూ తెలుసు, కండ్లతోటి ఎట్ల చూడాలె?" అన్నాడు. అక్కడ మొదలైంది ఈ వెతుకులాట.

ఎలాంటి కంప్యూటరు కావాలో ముందే తేల్చుకున్నాం. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, కొన్నిట్లో బ్యాటరీకి కూడా జిగురు పెడతారు. విప్పితే ఒక పల్చటి బోర్డు కనిపిస్తుంది తప్ప ఏ పని ఎక్కడ జరుగుతుందో కంటికి ఆనదు. 2006లో వచ్చిన ఇంటెల్ కోర్ టూ డుయో ప్రాసెసర్ తరం డెస్క్‌టాప్‌లు అలా కాదు. వాటిలో ర్యామ్‌ను నడిపే కంట్రోలర్ ప్రాసెసర్ లోపల లేదు. నార్త్‌బ్రిడ్జ్ అనే వేరే చిప్‌లో ఉంది. డిస్కులు, యూఎస్‌బీ వంటివి చూసుకునేది సౌత్‌బ్రిడ్జ్, అది ఇంకో చిప్. ప్రాసెసర్ నుంచి నార్త్‌బ్రిడ్జ్‌కీ, అక్కడి నుంచి ర్యామ్ స్లాట్లకీ వెళ్లే సన్నటి రాగి గీతలను వేలితో తడుముకుంటూ పోవచ్చు. ఇంటెల్ 2008లో ఆ కంట్రోలర్‌ను ప్రాసెసర్‌లోకి తీసుకెళ్లింది. అందుకే నేర్చుకోవడానికి ఎల్‌జీఏ 775 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు), డీడీఆర్2 రకం ర్యామ్ ఉన్న ఆ తరం బోర్డులు చాలా మంచివని నా అభిప్రాయం. పైగా వాటిని వాడేవాళ్లు పెద్దగా లేరు కాబట్టి తుక్కులో ధరా లేదు.

ఇక ఎక్కడ వెతకాలి? ఆన్‌లైన్ ప్రకటనల్లో పాత కంప్యూటర్లకు కొదవ లేదు. కానీ అమ్మేవాళ్లు కొన్న ధరను మనసులో పెట్టుకుని చెబుతారు. పదిహేనేళ్ల కిందటి సిస్టమ్‌కి నాలుగు వేలు అడిగినవాళ్లున్నారు. బేరం ఆడే ఓపిక మాకు లేదు.

మా ఆఫీసు ఐటీ విభాగంలో తెలిసిన ఒకతన్ని అడిగాను. స్టోర్‌లో పాత సిస్టమ్‌లు గుట్టలుగా ఉన్నాయి గానీ ఒక్కటి కూడా చేతికివ్వడానికి లేదన్నాడు. అందుకు కారణం ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వేస్ట్ నిర్వహణ నియమాల ప్రకారం పెద్ద సంస్థలు తమ ఎలక్ట్రానిక్ చెత్తను నమోదైన తయారీదారులకో, రీసైక్లర్లకో, బాగుచేసి అమ్మే నమోదిత సంస్థలకో మాత్రమే అప్పగించాలి. మంచి నియమమే, నాకు దాని మీద ఫిర్యాదు లేదు. ప్రభుత్వ ఆఫీసులు, కాలేజీలు కండెం చేసిన, అంటే ఇక పనికిరాదని తీసేసిన సామాను వేలంలో పోతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ వెబ్‌సైట్‌లో ఆ వేలాలు చూశాం. లాట్లు లాట్లుగా అమ్ముతారు, ముందు డిపాజిట్ కట్టాలి, తెచ్చుకోవడానికి లారీ కావాలి. మా గదిలో రెండు మంచాలు పడితే నడవడానికి దారి ఉండదు.

ఎర్రగడ్డలో ఆదివారం సంత ఉంటుంది. పాత సామాను కోసం హైదరాబాద్‌లో చాలామంది వెళ్లేది అక్కడికే. పొద్దున్నే వెళ్తే నేల మీద దుప్పటి పరిచి రిమోట్లు, ఛార్జర్లు, మిక్సీ మోటార్లు, సగం విప్పిన బోర్డులు పెట్టుకుని కూర్చుంటారు. పూర్తి కంప్యూటరు మాకు అక్కడ దొరకలేదు. కానీ పాత గుండ్రటి పిన్ను కీబోర్డు, వీజీఏ కేబుల్, నక్షత్రం మొన ఉన్న స్క్రూడ్రైవర్లు, పవర్ కార్డులు అన్నీ కలిపి రెండు వందల యాభైకి వచ్చాయి. కొత్తగా కొంటే స్క్రూడ్రైవర్ సెట్టుకే అంతకంటే ఎక్కువవుతుంది. ఉపకరణాలకు మాత్రం ఎర్రగడ్డే వెళ్లండి అని గట్టిగా చెబుతాను.

అసలు సరుకు దొరికింది బాలానగర్ వైపు ఒక తుక్కు గోదాములో. మా వీధిలోకి తోపుడుబండితో వచ్చే పాత ఇనుప సామాన్ల అతన్ని తమ్ముడు మాటల్లో పెట్టి, కంప్యూటర్లు దొరికితే ఎవరికి వేస్తావని అడిగితే ఆ గోదాము చెప్పాడు. దాన్ని నడిపే పెద్దాయన్ని అందరూ చాచా అనే పిలుస్తారు. మేం వెళ్లేసరికి ఇద్దరు కుర్రాళ్లు నేల మీద కూర్చుని సీపీయూలు పగలగొడుతున్నారు. స్క్రూ విప్పే తీరిక ఎవరికుంది, సుత్తితో ఒక దెబ్బ, కటింగ్ ప్లేయర్‌తో ఒక పట్టు. కేబుళ్లు ఒక గోనెలోకి, అల్యూమినియం హీట్‌సింకులు ఇంకో గోనెలోకి, బోర్డులు మూడోదానిలోకి. ర్యామ్ ముక్కలు మాత్రం చాచా కుర్చీ కింద ఒక రేకు డబ్బాలో పడుతున్నాయి. వాటికే ధర ఎక్కువట. బోర్డులు ఢిల్లీ పోతాయన్నాడు. ఢిల్లీలో సీలంపూర్ ఈ పనికి పేరుపడ్డ చోటు. బోర్డుల్లోంచి రాగి, బంగారం తీయడానికి అక్కడ మంట, ఆసిడ్ వాడతారని, ఆ పొగ పీల్చే మనుషుల ఆరోగ్యం ఏమవుతుందోనని చదివినప్పటి నుంచి బోర్డుల గోనె చూస్తే నాకు మనసు ఊరుకోదు.

"ఖోల్‌కే క్యా కర్తే బేటా?" (విప్పి ఏం చేస్తారు?) అని అడిగాడు చాచా. నేర్చుకుంటాం చాచా అని తమ్ముడు అన్నాడు. ఆయనకు నచ్చింది. మేం అడిగింది ఒక్కటే: ఏదైనా ఆఫీసు లాట్ వస్తే సుత్తి పడకముందే ఒక ఫోన్ కొట్టమని. ఇది చాలా ముఖ్యం. గోదాముకి వచ్చిన సరుకు ఒకటి రెండు రోజుల్లో ముక్కలైపోతుంది. ర్యామ్, ప్రాసెసర్ మొదట మాయమవుతాయి, కేబుళ్లు తెగిపోతాయి. అలాంటి దాన్ని కొంటే బొమ్మ చూసినట్టు చూడొచ్చు తప్ప బాగుచేసి నేర్చుకోలేం.

ఫోన్ వచ్చింది. వెళ్తే గోడ వారగా పది పన్నెండు సీపీయూలు, ఎక్కువ భాగం హెచ్‌పీ కంపాక్ డీసీ7800 మోడల్, చిన్న క్యాబినెట్లు. ఇవి 2007లో వచ్చిన ఆఫీసు మెషిన్లు. ఏవి ఆన్ అవుతాయో ఏవి కావో ఎవరికీ తెలియదు. చూడటానికి మా దగ్గరున్నది ఫోన్ టార్చ్ ఒక్కటే. మూత తీయగానే మొదట తుప్పు చూశాం. నీళ్లలో నానిన బోర్డు మీద ఆకుపచ్చటి మరక ఉంటుంది, అది కనబడితే వదిలేయడమే. తర్వాత ప్రాసెసర్ సాకెట్. ఈ తరంలో పిన్నులు ప్రాసెసర్‌కి కాకుండా సాకెట్‌కే ఉంటాయి, 775 పిన్నులు, వెంట్రుకంత సన్నవి. టార్చ్ ఏటవాలుగా పట్టుకుంటే వరస చెదిరిన చోట వెలుగు తేడాగా మెరుస్తుంది. పిన్ను వంగిన బోర్డు కొనకూడదు. మూడోది కెపాసిటర్ల తల. కెపాసిటర్లంటే బోర్డు మీద నిలబడి ఉండే చిన్న డబ్బాల్లాంటివి, కరెంటును కాసేపు దాచి నిలకడగా ఇస్తాయి. చదునుగా ఉండాలి. ఉబ్బి ఉంటే చెడిపోయినట్టు, కానీ ఆ చెడు మనం బాగుచేయగలిగేదే కాబట్టి దాన్ని వదలనక్కర్లేదు.

ఒకే మోడల్‌వి రెండు తీసుకున్నాం. సీటీసీ అన్న చెప్పిన లెక్క అదే. మూడోదిగా ఒక అసెంబుల్డ్ సిస్టమ్ తీసుకున్నాం, ఇంటెల్ జీ31 చిప్‌సెట్ ఉన్న బోర్డు. మన దగ్గర ఇంటర్నెట్ సెంటర్లలో, ట్యూషన్ సెంటర్లలో ఒకప్పుడు ఎక్కడ చూసినా జీ31 బోర్డులే. దానికి కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. మూడింటికీ సాకెట్ 775, ర్యామ్ డీడీఆర్2. అంటే ప్రాసెసర్, ర్యామ్ దేనిది దేనికైనా వేసి చూడొచ్చు. ఒక్కో సీపీయూ 400 రూపాయలు, ర్యామ్ ముక్కలకు విడిగా లెక్కగట్టాడు చాచా. అన్నీ కలిపి పదహారు వందలు. పాత మానిటర్ మాకు తెలిసినవాళ్లు ఊరికే ఇచ్చారు. గోదాములో లావుపాటి సీఆర్టీ మానిటర్లు యాభై రూపాయలకే ఇస్తామన్నారు గానీ తీసుకోలేదు. వాటి పిక్చర్ ట్యూబ్ దగ్గర వేల వోల్టులు ఉంటాయి, ప్లగ్ పీకేసిన తర్వాత కూడా కొంత ఛార్జ్ నిలిచి ఉంటుంది. నేర్చుకునేవాళ్లు వాటి జోలికి పోకూడదు.

తెచ్చిన వెంటనే ప్లగ్ పెట్టలేదు, అది నాన్న పెట్టిన షరతు. నాన్న బోరు మోటార్లకు వైండింగ్ చేస్తారు. ఫోన్‌లో విషయం చెప్పగానే "బిడ్డా, నేనొచ్చేదాక ముట్టకున్రి. ముందుగాల సీరీస్ల వెట్టి చూడాలె" అన్నారు. ఆ వారం నల్గొండ నుంచి సీరీస్ బోర్డు పట్టుకుని బస్సెక్కి వచ్చారు. చెక్క మీద ఒక హోల్డర్, ఒక సాకెట్, అంతే. హోల్డర్‌లో పాతకాలపు 100 వాట్ల ఫిలమెంట్ బల్బు. కరెంటు బల్బులోంచి దాటి మెషిన్‌కి వెళ్తుంది. మెషిన్ లోపల షార్ట్ ఉంటే బల్బు ఫుల్లుగా వెలిగి ఆ దెబ్బంతా తనే తీసుకుంటుంది. బాగుంటే ఒక్క క్షణం మెరిసి మసకబారుతుంది. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

మొదటి హెచ్‌పీ పెడితే బల్బు చటుక్కున మెరిసి ఆరింది. జీ31 సిస్టమ్ కూడా అంతే. రెండో హెచ్‌పీ పెట్టగానే గది మొత్తం వెలుతురు. నాన్న వెంటనే ప్లగ్ తీసేశారు. "దీని ఎస్ఎంపీఎస్ ఖతం" అన్నారు. గోడ కరెంటును మెషిన్‌కి కావాల్సిన చిన్న వోల్టేజీలుగా మార్చే పెట్టె అది. కంప్యూటర్ల గురించి ఆయనకు తెలియదు, కానీ ఒక్క స్క్రూ తీయకుండా ఒక మెషిన్ రోగం చెప్పేశారు. నాకు ఆ రోజు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

ఆ ఎస్ఎంపీఎస్ పెట్టెను మేం తెరవలేదు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టుల డీసీ (230 వోల్టుల ఏసీని డీసీగా మారిస్తే గరిష్ఠంగా వచ్చేది అంత), కొన్ని రకాల్లో ఇంకా ఎక్కువే ఉంటుంది, కరెంటు తీసేశాక కూడా అది వెంటనే దిగిపోదు. పెట్టె మూసి ఉండగా బయటికొచ్చే వైర్ల మీద నేర్చుకోవాల్సింది బోలెడంత ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

మొదటి హెచ్‌పీకి సీరీస్ తీసేసి నేరుగా కరెంటు ఇచ్చాం. ఫ్యాన్ తిరిగింది. స్క్రీన్ నల్లగానే ఉంది. పవర్ లైటు ఎర్రగా ఐదుసార్లు మిణికింది, దాంతోపాటు ఐదు బీప్‌లు, కాస్త ఆగి మళ్లీ ఐదు. హెచ్‌పీ తన ఆఫీసు మెషిన్లకు సర్వీస్ గైడ్‌లు అందరికీ అందుబాటులో పెట్టింది. అందులో చూస్తే ఐదు అంటే మెమరీ తప్పు, అంటే ర్యామ్. రెండు అయితే ప్రాసెసర్ వేడెక్కినట్టు, మూడు అయితే ప్రాసెసర్ లేనట్టు, నాలుగు అయితే పవర్, ఆరు అయితే గ్రాఫిక్స్. స్క్రీన్ లేకుండా తన బాధ తాను చెప్పుకునే ఇలాంటి ఏర్పాటు ఉన్న మెషిన్ కొత్తవాళ్లకు ఎంత మేలో మాటల్లో చెప్పలేను. అందుకే ఆఫీసు మోడల్సే ఏరుకోండి. డెల్, లెనోవో ఆఫీసు మోడల్స్‌కి కూడా ఇలాంటి పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి.

ర్యామ్ ముక్కలు తీసి, బంగారు పూత ఉన్న అంచును పిల్లలు వాడే రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి లేకుండా దులిపి మళ్లీ పెట్టాం. ఏ రిపేర్ షాపులోనైనా మొదట చేసే పని ఇదే. అయినా ఐదు బీప్‌లు. అప్పుడు ఒక ముక్క తీసేసి ఒకటే ఉంచాం. స్క్రీన్ మీద కంపెనీ గుర్తు వచ్చింది! తమ్ముడు పెట్టిన కేకకు కింద ఇంటి ఓనర్ ఆంటీ పైకి వచ్చి ఏమైందమ్మా అని అడిగారు.

అంటే తీసేసిన ముక్క చెడిపోయిందా? అక్కడే ఆగితే అది ఊహ. ఆ ముక్క ఉన్న స్లాట్ చెడిపోయి ఉండొచ్చు. రెండు ముక్కలకూ ఒకదానితో ఒకటి పొసగకపోయి ఉండొచ్చు. మంచి ముక్కను అనుమానం ఉన్న స్లాట్‌లో పెట్టాం, పనిచేసింది. అనుమానం ఉన్న ముక్కను మంచి స్లాట్‌లో ఒంటరిగా పెట్టాం, ఐదు బీప్‌లు. ఇంకా ఒక సందేహం మిగిలింది, ఈ బోర్డుకే ఆ ముక్క పడట్లేదేమో. ఇక్కడ రెండో హెచ్‌పీ పనికొచ్చింది. మొదటిదాని ఎస్ఎంపీఎస్ ఊడదీసి రెండోదానికి బిగించాం. అది హాయిగా లేచింది. అంటే నాన్న చెప్పింది నిజం, బోర్డులో తప్పు లేదు, పోయింది ఎస్ఎంపీఎస్ ఒక్కటే. ఇప్పుడు అనుమానం ఉన్న ర్యామ్‌ను ఈ రెండో బోర్డులో పెట్టాం. మళ్లీ ఐదు బీప్‌లు. ఇక తిరుగులేదు, ముక్కే చెడిపోయింది.

నేను ఆఫీసులో రోజూ చేసేది ఇదే పని. ఒక బగ్ వస్తే ఒక్కో కారణాన్నీ విడదీసి, ఒకసారికి ఒక్కటే మార్చి చూడటం. అదే పద్ధతి చేతులతో, ఇనుముతో చేస్తే వచ్చే నమ్మకం వేరు. ఒక్క మెషిన్ మాత్రమే కొని ఉంటే మాకు మిగిలేవి అనుమానాలే. జతగా కొన్నాం కాబట్టి ప్రతి అనుమానానికీ అవును, కాదు అని జవాబు దొరికింది. పాత కంప్యూటర్లు కొనాలనుకునే ఎవరికైనా నేను చెప్పేది ఈ ఒక్కటే: మంచిది ఒకటి కొనేకంటే చెడిపోయినవే ఒకే మోడల్‌వి రెండు కొనండి.

ఇక తమ్ముడి ప్రశ్నకు జవాబు. దానికి జీ31 సిస్టమ్ వాడాం, దాని ఎస్ఎంపీఎస్ బాగుంది, వైర్ల రంగులు డెస్క్‌టాప్‌లకు మామూలుగా వాడే ఏటీఎక్స్ అనే పద్ధతిలో ఉన్నాయి. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు గ్రౌండ్, అంటే సున్నా. మల్టీమీటర్ నల్ల పిన్ను నల్ల వైరుకి ఆనించి, సిస్టమ్ ఆఫ్‌లో ఉండగానే ఊదా రంగు వైరు మీద ఎర్ర పిన్ను పెడితే 5 వోల్టులు చూపించింది. ఆఫ్ చేసినా బోర్డులో ఒక మూల ఎప్పుడూ మేలుకునే ఉంటుందన్న మాట. ఆకుపచ్చ వైరు మీద కూడా 5 వోల్టుల దగ్గరే ఉంది. బటన్ నొక్కగానే బోర్డు ఆ ఆకుపచ్చ వైరును సున్నాకి లాగుతుంది. మీటర్‌లో అంకె పడిపోవడం, ఫ్యాన్ కదలడం ఒకేసారి చూశాం. ఎస్ఎంపీఎస్ మిగతా వోల్టేజీలు అన్నీ కుదురుకున్నాక బూడిద రంగు వైరు మీద ఇక సిద్ధం అని 5 వోల్టులు పంపుతుంది. సెకనులో సగం కూడా పట్టదు. అప్పుడు బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్ నుంచి వదులుతుంది. ప్రాసెసర్ మొదటి ఆదేశాన్ని మెమరీ అడ్రస్‌ల వరసలో 4 జీబీ హద్దుకు 16 బైట్ల దిగువన ఉన్న అడ్రస్ నుంచి తెచ్చుకుంటుంది. ఆ అడ్రస్ వెళ్లి తగిలేది ర్యామ్‌కి కాదు, బోర్డు అంచున ఉన్న చిన్న బయోస్ చిప్‌కి, మెషిన్‌ను లేపే మొదటి ప్రోగ్రాం ఉండేది అందులోనే. ర్యామ్ ఉందో లేదో కూడా అప్పటికి దానికి తెలియదు. అందుకే ర్యామ్ పాడైనా బీప్ కొట్టగలిగింది! రాత్రి పదకొండింటికి ఈ సంగతి అర్థమైనప్పుడు ఇద్దరం కాసేపు ఆ చిప్‌నే చూస్తూ కూర్చున్నాం.

జీ31 రోగం వేరే. ఫ్యాన్ అర సెకను తిరిగి ఆగిపోతుంది, మళ్లీ తిరుగుతుంది, మళ్లీ ఆగుతుంది. ప్రాసెసర్ పక్కన నాలుగు కెపాసిటర్ల తలలు ఉబ్బి, ఒకదానిలోంచి గోధుమరంగు పొడి బయటికొచ్చింది. 2000 తర్వాత కొన్నేళ్ల పాటు లోపలి ద్రవం సరిగాలేని కెపాసిటర్లు ప్రపంచమంతా చాలా బోర్డుల్లోకి వెళ్లాయి. సరైనవి వేసినా వేడికి ఏళ్ల తరబడి ఎండితే ఇలాగే అవుతాయి. మన ఎండలకు, ఏసీ లేని గదులకు ఇంకాస్త తొందరగా. అవి అక్కడెందుకు ఉన్నాయో లెక్క వేసుకున్నాం. హెచ్‌పీలోంచి తీసిన ప్రాసెసర్ కోర్ టూ డుయో ఈ6550, 65 వాట్లు. అది నడిచేది సుమారు 1.3 వోల్టుల మీద. అంటే దాదాపు 50 ఆంపియర్లు! ఎస్ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టులను సెకనుకు లక్షల సార్లు ఆన్ ఆఫ్ చేసి 1.3కి దించుతారు. ఆ ఒడిదుడుకులను సమం చేసేవి ఈ కెపాసిటర్లే. అవి ఎండిపోతే ప్రాసెసర్‌కి నిలకడైన కరెంటు అందదు.

కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లాం. ఎలక్ట్రానిక్స్ పార్టులకు హైదరాబాద్‌లో అంతకు మించిన చోటు నాకు తెలియదు. 1000 మైక్రోఫారడ్, 6.3 వోల్టులవి అడిగితే 10 వోల్టులవి ఉన్నాయన్నారు. వోల్టేజీ ఎక్కువుంటే ఇబ్బంది లేదు, లావు సరిపోతే చాలు. కానీ 105 డిగ్రీలు, లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉన్నవి) అని పట్టుబట్టి అడగాలి, మామూలువి ఈ చోట నిలవవు. నాలుగూ కలిపి వంద రూపాయలు కాలేదు.

పాతవి ఊడదీయడమే కష్టం. 2006 జులై నుంచి యూరప్ నియమం వల్ల బోర్డుల్లో సీసం లేని సోల్డర్ (పార్టులను బోర్డుకి అతికించే లోహం) వాడకం పెరిగింది. అది కరగడానికి సుమారు 217 డిగ్రీలు కావాలి, సీసం ఉన్నది 183కే కరుగుతుంది. పైగా బోర్డు లోపలి రాగి పొర వేడిని లాగేస్తుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో కదల్లేదు. సీటీసీ అన్న దగ్గరికి బోర్డు పట్టుకెళ్తే, "ముందు సీసం ఉన్న కొత్త లెడ్ కొంచెం పెట్టు, పాతదాంట్లో కలిసి తొందరగా కరుగుద్ది. 60 వాట్ల ఐరన్ తీసుకో. ఒక కాలు కరగబెట్టి అటు వంచు, ఇంకో కాలు కరగబెట్టి ఇటు వంచు, అదే వస్తది" అని ఒకటి తీసి చూపించి మిగతా మూడూ తమ్ముడి చేత తీయించాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. కొత్తవి పెట్టేటప్పుడు గీత ఉన్న వైపు నెగెటివ్. బోర్డు మీద నెగెటివ్‌ను ఎలా గుర్తుపెట్టారో కంపెనీ కంపెనీకి తేడా ఉంటుంది కాబట్టి పాతవి తీసే ముందే ఫోటో తీసుకుని పెట్టుకున్నాం.

బిగించి, సీరీస్ బల్బులో పెట్టి, ఆ తర్వాత నేరుగా ఇచ్చాం. ఫ్యాన్ ఆగలేదు. ఒక్క బీప్, స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు.

హార్డ్ డిస్కుల విషయంలో ఒక మాట. పాత ఆఫీసు సిస్టమ్ కొంటే అందులో ఎవరివో జీతాల పట్టీలు, ఎవరి ఇంటి ఫోటోలో ఉంటాయి. మేం ఆ డిస్కుల్లోని ఫైళ్లు తెరిచి చూడలేదు. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ ఎక్కించి, డిస్కు ఎన్ని గంటలు నడిచిందో, పాడైన సెక్టార్లు ఉన్నాయో లేదో డిస్కు తన గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టులో చూసి, వెంటనే మొత్తం చెరిపేశాం. టకటకమని చప్పుడు చేస్తున్న ఒకదాన్ని మాత్రం విప్పాం. అద్దంలా మెరిసే పళ్లెం, నిమిషానికి 7200 సార్లు తిరిగేది. దాని మీద తగలకుండా గాలిపొర మీద తేలే హెడ్. దాన్ని ఊపే కాయిల్‌కి అటూ ఇటూ రెండు అయస్కాంతాలు, వేళ్లు మధ్యలో పడితే నలిగిపోయేంత బలం. నాన్న ఒకటి అడిగి తీసుకెళ్లారు, వైండింగ్ షాపులో కిందపడ్డ స్క్రూలు ఏరడానికి.

ఇప్పుడు హెచ్‌పీ ఒకటి, జీ31 ఒకటి పనిచేస్తున్నాయి, రెండింటిలోనూ తేలికపాటి లినక్స్ వేశాం. జీ31ను తమ్ముడు తన పాలిటెక్నిక్ జూనియర్లకు ఇచ్చాడు, వాళ్లు దాన్ని ఇప్పటికే చాలాసార్లు విప్పి బిగించారు. మిగిలిన హెచ్‌పీ బోర్డును గోడకు తగిలించి నార్త్‌బ్రిడ్జ్, సౌత్‌బ్రిడ్జ్, బయోస్ చిప్, క్లాక్ క్రిస్టల్ దగ్గర చిన్న చిన్న కాగితాలు అతికించాం. పాడైన ఎస్ఎంపీఎస్, ర్యామ్ ముక్క, అయిపోయిన నాణెం సెల్లులు ఒక డబ్బాలో ఉన్నాయి, వాటిని నమోదైన రీసైక్లర్‌కే ఇస్తాం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కి, కొన్ని మినహాయింపులు తప్ప, ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్లు, ఆ పైవి కావాలి. అందుకని ఆరు, ఏడు తరాల ఆఫీసు మెషిన్లు స్టోర్ రూముల్లోంచి బయటికొస్తున్నాయి. ఇంకా తుక్కు ధరకు దిగలేదు, పార్క్‌లేన్‌లో బాగుచేసి వేలల్లో అమ్ముతున్నారు. డెడ్ అయినవి ఒకే మోడల్‌వి రెండు దొరికితే మాత్రం తీసుకోవాలని తమ్ముడూ నేనూ అనుకున్నాం. వాటిలో నార్త్‌బ్రిడ్జ్ అనే చిప్ ఉండదు, ర్యామ్ గీతలు నేరుగా ప్రాసెసర్ సాకెట్‌కే వెళ్తాయి. గోడ మీది బోర్డు పక్కన దాన్ని కూడా తగిలించి, ఆ గీతలు ఎటు మళ్లాయో చూడాలి.